ఆఖరి పేజీలో బావ

నా చెవులు పెద్దవే, కాదనను. కానీ మా ఆవిడ గీసేటంత పెద్దవి కావు. ఆదివారం పేపర్లో వచ్చే ఆమె బొమ్మల కథలో నా చెవులు ఒక్కో వారం గడి దాటి పక్క గడిలోకి కూడా వెళ్తాయి. వాటిని చూసి నవ్వుకున్న జనం సోమవారం పొద్దున నన్ను చూసి మళ్ళీ నవ్వుతారు. నేను లిఫ్టులు బాగుచేసే మనిషిని, ఊళ్ళో సగం భవనాల్లో నాకు పని పడుతూనే ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా వాచ్‌మన్ దగ్గర్నుంచి పై అంతస్తు పెద్దాయన దాకా "రండి బావగారూ" అనేవాళ్ళే. ఆమె నన్ను బావా అని పిలుస్తుంది కాబట్టి కథలో నా పేరు బావ. నాకు పెళ్ళాం ఒక్కతే, బావమరుదులు మాత్రం ఊరి నిండా ఉన్నారు.

ఇంటి గుట్టు వీధిన పెట్టకూడదంటారు పెద్దలు. మా ఇంటి గుట్టు వారం వారం అచ్చవుతుంది, అదీ రంగుల్లో. నేను పాలు పొంగించడం, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం, ఇంటి తాళం బయట పెట్టి చెవి లోపల మర్చిపోవడం, అన్నీ లోకానికి తెలుసు. గోరంతను కొండంత చేస్తున్నావని ఒకసారి గొడవ పెట్టుకుంటే, ఆ గొడవ కూడా మరుసటి ఆదివారం అచ్చయి కూర్చుంది.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆమె జరగనిది గీయదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. ఇంకో సంగతి, చూడకుండా గీయడం ఆమెకు రాదు. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీసి బతికిన మనిషి. కప్పను చూసి కప్పను, ఆకును చూసి ఆకును గీసి అలవాటైన చెయ్యి. మనిషైనా సరే ఎదురుగా నిలబడాల్సిందే. అందుకని మా ఇంట్లో ఏది జరిగినా రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఆమె కోసం. పాలు పొంగిన రోజు సాయంత్రం ఖాళీ గిన్నె ముందు నోరు తెరుచుకుని, ఆమె ఇక చాలు అనేదాకా నిలబడ్డాను. గొడవలు కూడా అంతే. పొద్దున అరుచుకుంటాం. సాయంత్రం ఆమె పెన్సిల్ చెక్కుకుంటూ, పొద్దున్న అన్న ఆ మాట మళ్ళీ అనమంటుంది, చెయ్యి అప్పటిలాగే ఎత్తమంటుంది. ఎత్తిన చెయ్యి దించకుండా కాసేపు నిలబడి చూడండి, ఏ కోపం నిలుస్తుందో. మా కాపురం ఇన్నేళ్ళు సాఫీగా సాగిందంటే ఆ రెండోసారి పుణ్యమే అని నా నమ్మకం.

అలాంటి ఇంట్లోకి జబ్బు వచ్చింది. మొదట మెట్లెక్కుతుంటే ఆయాసంగా ఉందంది. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేని భవనం. ఊరందరి లిఫ్టులూ నడిపించేవాడి పెళ్ళాం మెట్ల మీద ఆగి ఆగి రొప్పుతుంటే, దీపం కింద చీకటి అంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. తర్వాత పడుకుంటే ఊపిరాడటం మానేసింది. దిండ్లు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. పరీక్షలన్నీ చేసి, గుండెలో ఒక వాల్వు పాడైందని చెప్పారు. డాక్టరమ్మ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మా ఆవిడ ఆ బొమ్మను పరీక్షగా చూసి, మీ గీత బాగుంది డాక్టర్ గారూ అంది. నాకు బొమ్మతో పని లేకుండానే అర్థమైంది. తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు, అంతే. తలుపు మారుస్తారా, ఉన్నదాన్నే సరిచేస్తారా, కొత్తది ఎన్నాళ్ళు మన్నుతుంది అని నాకు తెలిసిన ప్రశ్నలన్నీ అడిగాను. డాక్టరమ్మ నవ్వకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ప్రాణానికి భయమా అని చివర్న అడిగాను. గుండె బాగా అలిసిపోయి ఉంది, భయం లేదని చెప్పలేను అంది.

ఆ వారం నుంచి బొమ్మల కథలోకి జబ్బు కూడా వచ్చి చేరింది. మెట్ల మలుపుల్లో నేను వేసిన మడత కుర్చీలు, వాటిలో ఆమె కంటే ముందే చేరి కబుర్లాడుకునే ఇరుగుపొరుగు, ఉప్పు లేని కూర తిని బ్రహ్మాండం అంటున్న నేను, ఆ అబద్ధానికి మురిసిపోతున్న అత్తగారు. కూతురికి సాయంగా ఉందామని అత్తగారు అప్పటికే మా ఇంటికి వచ్చేశారు. ఆ పేజీలు చూసి జనం నవ్వారు, కొందరు ఏడ్చారు. ఒక ప్రచురణకర్త వాటన్నిటినీ కలిపి పుస్తకం వేస్తానని ముందుకొచ్చాడు. పుస్తకానికి ఆఖరి పేజీ ఒక్కటే మిగిలింది. అప్పుడే ఆపరేషన్‌కి తారీఖు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె కుంచెలు కడుక్కుంటూ, కూరలు తెమ్మన్నంత మామూలుగా అడిగింది.

"నేను తిరిగొస్తే, తిరిగొచ్చిన పేజీ నేనే గీస్తాను బావా. రాకపోతే గీసేవాళ్ళు ఉండరు కదా. పుస్తకం సగంలో ఆగిపోకూడదు. అందుకని ఆ పేజీ ఇప్పుడే గీసి పెట్టి వెళ్తాను. నువ్వొక్కడివే ఉన్న ఇల్లు. రేపు పొద్దున కాస్త నిలబడు."

నాకు కలిగింది భయం. నోట్లోంచి వచ్చింది మాత్రం కోపం. జరగనిది గీయను అన్నది నువ్వే కదా అన్నాను. ఈ ఒక్కటీ ముందుగా గీస్తాను, జరగకపోతే చింపేద్దాం అంది. వంటింట్లోంచి అత్తగారు, శుభం పలకవే తల్లీ అంటే ఇవేం మాటలే, పైన తథాస్తు దేవతలుంటారే అని కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నేను నిలబడనంటే నిలబడనన్నాను. అంతగా కావాలంటే ఊహించుకుని గీసుకోమన్నాను.

"ఊహించుకోలేకే కదా అడుగుతున్నాను," అంది.

నేను తలుపు ధడాలున వేసి మెట్లు దిగిపోయాను. తర్వాత మళ్ళీ చెయ్యెత్తి నిలబడని గొడవ, మా ఇంట్లో ఒక్కసారే జరిగిన గొడవ అదొక్కటే.

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలు బందు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, అన్నానికి రమ్మనమని అత్తగారితో ఆమె, ఆకలి లేదని చెప్పమని అత్తగారితో నేను. మధ్యలో ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ నా చొక్కాను కుర్చీకి తొడిగి, లోపల దిండు కుక్కి గీయడానికి ప్రయత్నం చేసింది. దిండు దిండులాగే వచ్చింది. చింపేసింది. మళ్ళీ గీసింది, మళ్ళీ చింపింది. చెత్తబుట్ట నిండుతుంటే నేను చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆపరేషన్ రోజు దగ్గర పడుతోంది. ఆమె మాట కాదని పంపించాల్సి వస్తుందేమోనని ఒక భయం, ఔనంటే ఆ మాటే నిజమవుతుందేమోనని ఇంకో భయం. రెంటి మధ్యా నలిగిపోయాను.

అట్లా ఉండగా ఒక భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందని కబురొచ్చింది. లోపల ఒక పెద్దావిడ ఉంది. పైన మోటారు గదిలోకి వెళ్ళి చేత్తో చక్రం తిప్పితే లిఫ్టు కిందికి దిగుతుంది. కానీ ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి వాచ్‌మన్ వెళ్ళాడు. అంతవరకూ నేను చేయగలిగింది తలుపు దగ్గర కూర్చుని మాట్లాడటమే. ఇలాంటప్పుడు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. తాళ్ళు తెగవమ్మా, గాలికి లోటుండదమ్మా, కంగారు పడకండి అని మొదలుపెట్టాను.

"అవన్నీ నాకు తెలుసు నాయనా," అంది లోపల్నుంచి. "బయట ఏం జరుగుతోందో అది చెప్పు."

బయట ఏముంది, చెప్పాను. ఎవరో మెట్ల మీద బస్తా మోసుకెళ్తున్నాడు. ఎదురింటి గుమ్మం ముందు తడి గొడుగు ఆరబెట్టి ఉంది. పక్క వాటా తలుపు తీసుకుని ఒకాయన బనీనుతో బయటికొచ్చాడు, చేతిలో టీ గ్లాసు ఉంది. ఆయన మా ఆయనే అంది ఆవిడ. టీ తాగుతున్నాడా అని అడిగింది. తాగుతున్నారమ్మా అన్నాను. ఎవరిచ్చారు అంది. నేను ఆయన్ని అడిగి, ఆయనే పెట్టుకున్నారటమ్మా అని చెప్పాను. తలుపు వెనక నుంచి అమ్మయ్య అని ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. తర్వాత తాళంచెవి దొరికి, లిఫ్టు దిగి, తలుపు తెరిచినప్పుడు కూడా ఆవిడ అంత గట్టిగా అమ్మయ్య అనలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ దిండ్లకు ఆనుకుని కిటికీలోంచి చూస్తోంది. అత్తగారి రాయబారం లేకుండా నేరుగా వెళ్ళి, రేపు పొద్దున నిలబడతాను అన్నాను. ఆమె ఎందుకు మనసు మార్చుకున్నావని అడగలేదు. పొద్దున్నే వెలుతురు బాగుంటుంది, ఆలస్యం చెయ్యకు అంది.

మర్నాడు అత్తగారు, ఈ ఘోరం నేను చూడలేనని పక్కింటికి వెళ్ళిపోయారు. ఆమె గది మూలన దిండ్ల మధ్య కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుంది. నాకు ఆజ్ఞలు ఇచ్చింది. నేను లేను. ఈ మూల వైపు చూడకూడదు. ఏడవకూడదు, ఏడ్చేవాణ్ణి గీయడం తేలిక, నాకది అక్కర్లేదు. పనికి వెళ్ళే రోజు పొద్దున ఏం చేస్తావో అదే చెయ్యి అంది.

సరేనని మొదలుపెట్టాను. దుప్పటి మడిచాను. టీ పెట్టుకున్నాను, పాలు పొంగనివ్వలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండుసార్లు గది మధ్యలో ఆగిపోయాను. పెన్సిల్ చప్పుడు మాత్రం ఆగలేదు. పనికి బయల్దేరేముందు జేబు తడుముకుంటే టెస్టర్ లేదు. అది లేకుండా నేను గడప దాటను. బల్ల మీద చూశాను, సంచిలో చూశాను.

"నా టెస్టర్ ఎక్కడ పెట్టావ్?"

"ఫ్రిజ్ మీద బుట్టలో."

పెన్సిల్ ఆగిపోయింది. నేను మూల వైపు తిరిగాను.

"నువ్వు లేవు కదా, ఎందుకు చెప్పావ్?"

"నేను లేను కదా, ఎందుకు అడిగావ్?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వితే ఆమెకు ఆయాసం. వీపు నిమురుతూ మంచినీళ్ళు తాగించాను. ఆయాసం తగ్గాక కూడా ఆమె నా చెయ్యి కాసేపు వదల్లేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచి చెయ్యమంది. ఈసారి ఇస్త్రీ చొక్కా వెతుక్కో, నన్ను అడక్కు అంది.

మళ్ళీ దుప్పటి మడిచాను. మళ్ళీ టీ. పెళ్ళయిన దగ్గర్నుంచి నా చొక్కా నేను వెతుక్కున్న పాపాన పోలేదు. పెద్ద బీరువాలో చూశాను, చీరలున్నాయి. తలుపు వెనక కొక్కేలకు చూశాను. తాడు మీద చూశాను. చివరికి మంచం పక్క చిన్న అలమరలో, కింది అరలో, మడతలు పెట్టి వరసగా కనిపించాయి. ఒకటి తీసి తొడుక్కున్నాను. గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని, మళ్ళీ విప్పి సరిచేసుకున్నాను. గ్లాసు కడిగి బోర్లించాను. ఆజ్ఞ ప్రకారం మూల వైపు చూడకుండా చెప్పులేసుకుని, తలుపు బయట్నుంచి దగ్గరికి వేశాను.

మెట్ల మలుపులో కుర్చీ ఉంది. అందులో కూలబడ్డాను. ఇంట్లో ఆమె ఉందని తెలుసు. అయినా ఆ మూసిన తలుపు చూస్తుంటే, రేపు నిజంగానే దానికి తాళం వేసుకుని వెళ్తానేమో, సాయంత్రం వచ్చి నేనే తీసుకుంటానేమో అనిపించింది. అక్కడ ఆమె చూడదు కాబట్టి ఏడ్చాను. పై అంతస్తు ఆయన దిగుతూ నన్ను చూసి, బావగారూ అనబోయి మానేసి, పక్కనుంచి దిగిపోయాడు.

లోపల్నుంచి ఆమె పిలిచింది. వెళ్ళి చూస్తే పేజీ పెన్సిల్‌తో పూర్తయింది. ఒక మనిషి దుప్పటి మడుస్తున్నాడు. ఒక మనిషి బీరువా ముందు వెర్రి చూపులు చూస్తున్నాడు. ఒక మనిషి అలమర ముందు వంగి చొక్కా తీస్తున్నాడు. ఆ పేజీ మొత్తంలో నా చెవులు ఉన్నంతే ఉన్నాయి. మాటల బుడగ ఒక్కటి కూడా లేదు.

"దొరికింది కదా," అంది.

"ఏంటి?"

"చొక్కా." ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. "నాకు చూడాలనిపించింది బావా. పుస్తకానిదేముంది, ఏదో ఒక పేజీతో అయిపోతుంది. నేను పోయాక నువ్వెలా ఉంటావో నేను చూడలేను కదా. నువ్వు వెతుక్కుంటావ్, నీకు దొరుకుతుంది. అది ఒక్కసారి చూసుకుంటే ఇక ధైర్యంగా వెళ్ళొచ్చు."

నువ్వు లేకుండా నేను బతకలేను అని మాత్రం అనలేదు. అది నిజమే, కానీ ఆమెకు అప్పుడు కావాల్సిన మాట అది కాదు. కింది అర అని గుర్తుంటుందిలే అన్నాను. ఆమె నా భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో కూర్చోవడం గురించి నేనేం చెప్పను. ఎవరికి వాళ్ళు కూర్చుని తెలుసుకోవాల్సిందే. అత్తగారు ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో తన కొంగు పట్టుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ బయటికొచ్చింది. నేను లేచేలోపే ఆమె వంగి, తలుపు మార్చేశామండీ, చక్కగా మూసుకుంటోంది అంది. అత్తగారు డాక్టరమ్మ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు.

కోలుకుని ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక ఆమె, మలుపు మలుపుకీ కుర్చీలో ఆగుతూ మెట్లెక్కుతున్న పేజీ గీసింది. దాని కోసం నేను సంచులు మోస్తూ, రొప్పుతూ, అదే మెట్ల మీద నిలబడ్డాను. పుస్తకం ఆ పేజీతోనే అచ్చుకు వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్న పేజీని చింపేద్దాం అనుకున్నాం కానీ ఆమె చింపలేదు, నేను చింపమనలేదు. బీరువా మీద చుట్ట చుట్టి ఉంది. కొత్త వాల్వు లోహంతో చేసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ మని చిన్న గడియారంలా వినిపిస్తుంది. ఇంకెవరికైనా వినిపిస్తుందో లేదో గానీ నా చెవులకు మాత్రం వినిపిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు నిద్రపోతున్నారు. ఈసారి నా వంతు అన్నాను ఆమెతో. అర్థం కాలేదు. పెన్సిల్, కాగితం తీసుకుని ఆమె కూర్చునే మూలలో నేను కూర్చున్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. వైర్ల బొమ్మ తప్ప గీయడం రానివాడివి, నన్ను కూడా స్విచ్‌బోర్డులా గీస్తావు అంది. స్విచ్‌బోర్డే అయినా సరే అన్నాను.

"నేను ముందు పోవచ్చు కదా. నేను మాత్రం ఎలా చూస్తాను? నువ్వొక్కదానివే ఎలా ఉంటావో ఒకసారి చూపించు."

ఆమె నవ్వు ఆపింది. తర్వాత ఏం చెయ్యమంటావని అడిగింది. ఆమె నాకిచ్చిన ఆజ్ఞలే ఆమెకిచ్చాను. నేను లేను. ఇటు చూడకూడదు, ఏడవకూడదు. నీ పని నువ్వు చేసుకో.

ఆమె జుట్టు ముడేసుకుంది. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఇంకు సీసా మూత తీసింది. ఎంత నిబ్బరంగా చేసిందంటే నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది. పర్లేదు, ఈమె ఉండగలదు అనుకుని, కుర్చీకి నాలుగు గీతలు, ఆమెకు రెండు గీతలు గీశాను. ఆమె కలం ఇంకులో ముంచి, అలవాటు ప్రకారం తలెత్తి, నేనెప్పుడూ నిలబడే ఎదురు గోడ వైపు చూసింది.

గోడ దగ్గర ఎవరూ లేరు. కలం గాల్లోనే ఆగింది. ఇంకు బొట్టు ఒకటి కాగితం మీద పడింది, ఆమె చూసుకోలేదు. నేను లేను కాబట్టి ఏమీ అనలేదు. ఆమె గుండె చప్పుడు నాకు ఇక్కడి దాకా వినిపిస్తోంది.

"ఎవర్ని చూసి గీయను బావా?" అంది, గోడ మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

నేను పెన్సిల్ కింద పెట్టి, వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాను.